మెసోథీలియోమా

మెసోథీలియోమా అనేది ఊపిరితిత్తులు, ఉదరకోశం, గుండె మొదలైనవాటిని కప్పి ఉంచే పలుచని పొరలో పుట్టే ఒక అరుదైన కాన్సర్. ఆ పొరను మెసోథీలియం అంటారు. వ్యాధికి ఆ పేరు దాని నుండే వచ్చింది. రాతినార లేక ఆస్బెస్టాస్ అనే ఖనిజపు ధూళిని పీల్చడం దీనికి ప్రధాన కారణం. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 30 వేల మందిలో ఈ వ్యాధిని కనుగొంటున్నారు. ధూళి పీల్చిన నాటికీ వ్యాధి బయటపడే నాటికీ మధ్య సాధారణంగా 30 నుండి 50 సంవత్సరాల ఎడం ఉంటుంది. ఈ వ్యాధిని ఆలస్యంగా గుర్తించడానికీ, రోగులకు నష్టపరిహారం అందకపోవడానికీ, రాతినార వాడకం మానిన దేశాలలో కూడా మరణాలు చాలాకాలం కొనసాగడానికీ ఈ ఎడమే మూలం.

స్వరూపం

ఊపిరితిత్తులను రెండు మడతల పొర ఆవరించి ఉంటుంది. దీనిని ఫుప్ఫుసావరణం అంటారు. లోపలి మడత ఊపిరితిత్తిని, వెలుపలి మడత ఛాతీ గోడను అంటిపెట్టుకొని ఉంటాయి. రెండింటి మధ్య కొద్దిపాటి ద్రవం ఉండడం వలన ఊపిరి తీసినప్పుడల్లా అవి ఒరిపిడి లేకుండా జారుతాయి. ఉదరంలో ప్రేగులను ఆవరించి ఉదరవేష్టనం, గుండె చుట్టూ హృదయావరణం, వృషణాల చుట్టూ మరొక పొర ఇదే జాతికి చెందినవి. మెసోథీలియోమా వీటిలో దేనిలోనైనా రావచ్చు. అయితే అత్యధిక భాగం ఫుప్ఫుసావరణంలోనే వస్తుంది. ఆ తరువాతి స్థానం ఉదరవేష్టనానిది. మిగిలిన రెండూ చాలా అరుదు.

దీనిని ఊపిరితిత్తుల కాన్సర్‌గా పొరబడరాదు. ఊపిరితిత్తుల కాన్సర్ సాధారణంగా శ్వాసనాళాలలోనో, గాలి గదులలోనో ఒక గడ్డగా మొదలవుతుంది. మెసోథీలియోమా అలా ఒకచోట గడ్డ కట్టక, పొర పొడవునా చిన్న చిన్న బుడిపెలుగా లేచి, క్రమంగా అవి కలిసిపోయి, చివరకు ఊపిరితిత్తిని మందపాటి తొక్కలాగా చుట్టుముడుతుంది. శస్త్రచికిత్సతో పూర్తిగా తొలగించడం కష్టం కావడానికి ఇదే కారణం. పొగత్రాగడానికీ మెసోథీలియోమాకూ సంబంధం లేదు. కాని రాతినార ధూళి పీల్చినవారు పొగ కూడా త్రాగితే వారికి ఊపిరితిత్తుల కాన్సర్ వచ్చే ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది.

సూక్ష్మదర్శినిలో కనిపించే కణాల ఆకారాన్ని బట్టి ఈ వ్యాధిని మూడు రకాలుగా విభజిస్తారు. ఎపిథీలియాయిడ్ రకం ఎక్కువమందిలో కనిపిస్తుంది, చికిత్సకు కొంత మెరుగుగా లొంగుతుంది. కదురు ఆకారపు కణాలు గల సార్కమటాయిడ్ రకం అన్నిటికంటే మొండిది. రెండూ కలిసి ఉన్నది మిశ్రమ రకం.

రాతినార

రాతినార ఒకే ఖనిజం కాదు. నారలాగా పోగులుగా విడిపోయే ఆరు సిలికేట్ ఖనిజాలకు వ్యాపార ప్రపంచం పెట్టిన ఉమ్మడి పేరు. ఆస్బెస్టాస్ అన్న గ్రీకు మాటకు 'ఆర్పశక్యం కానిది' అని అర్థం. వస్తువు కాలదు, కుళ్ళదు, ఆమ్లాలకు సులభంగా లొంగదు, పత్తిలాగా వడకవచ్చు, సిమెంటులో కలిపితే ఇనుప చువ్వలాగా బలాన్నిస్తుంది, పైగా చవక. ఇరవయ్యవ శతాబ్దంలో ఓడల ఆవిరి గొట్టాలకు చుట్టే పట్టీల నుండి మోటారు వాహనాల బ్రేకుల వరకు దీనిని వాడని పరిశ్రమ లేదంటే అతిశయోక్తి కాదు. రాయిలో నార ఉన్నదని చెప్పే 'రాతినార' అన్న తెలుగు మాట చక్కనిదే. కాని ఇంటి పైకప్పు మీది రేకుకూ ఈ మాటకూ సంబంధం ఉన్నదని ఎక్కువమందికి స్ఫురించదు. అందరూ వాటిని సిమెంటు రేకులనే అంటారు.

ఈ ఆరింటిలో క్రిసోటైల్ (తెల్ల రాతినార) ఒక్కటి సర్పెంటైన్ కుటుంబానికి చెందినది. దాని పోగులు మెలికలు తిరిగి ఉంటాయి. క్రోసిడొలైట్ (నీలి రాతినార), అమోసైట్ (గోధుమ రాతినార), ట్రెమొలైట్, యాక్టినొలైట్, యాంథోఫిలైట్ అనే తక్కిన అయిదూ ఆంఫిబోల్ కుటుంబానివి. వీటి పోగులు సూదులలాగా నిటారుగా ఉంటాయి. తెల్ల రాతినార పోగులు శరీరంలో కొంతవరకు విరిగి కరుగుతాయి. ఆంఫిబోల్ సూదులు దశాబ్దాల తరబడి అలాగే ఉండిపోతాయి.

ఈ తేడాను ఆధారం చేసుకొని తెల్ల రాతినార నిరపాయకరమని పరిశ్రమ వర్గాలు చాలాకాలంగా వాదిస్తూ వచ్చాయి. హాడ్జ్‌సన్, డార్న్‌టన్ అనే బ్రిటిష్ పరిశోధకులు 2000లో అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కవేసి, ఒకే మోతాదు ధూళి పీల్చినప్పుడు మెసోథీలియోమా ముప్పు తెల్ల, గోధుమ, నీలి రాతినారలలో సుమారు 1 : 100 : 500 నిష్పత్తిలో ఉంటుందని అంచనా కట్టారు. అనగా తేడా ఉన్న మాట నిజమే. కాని ఇక్కడ ఒకటి అన్నది సున్నా కాదు. తెల్ల రాతినార వలన ఊపిరితిత్తుల కాన్సర్, ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్ వ్యాధి కూడా వస్తాయి. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ ఆరు రకాలనూ మానవులకు కాన్సర్ కలిగించేవని నిర్ధారించిన మొదటి వర్గంలో చేర్చింది. రాతినార వ్యాధులను నిర్మూలించడానికి సరైన మార్గం అన్ని రకాల వాడకాన్నీ ఆపివేయడమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

పోగు చేసే పని

రాతినార రాయిని దంచినా, రేకును కోసినా అందులోని నార నిలువునా చీలుతూ పోతుంది. చివరకు మిగిలే పోగు తలవెంట్రుకలో కొన్ని వందల వంతుల సన్నదనం కలిగి, కంటికి కనిపించక, గంటల తరబడి గాలిలో తేలుతూ ఉంటుంది. పీల్చినప్పుడు ఇటువంటి పోగులు గాలి గదుల వరకు చేరి, అక్కడి నుండి ఊపిరితిత్తుల అంచునకు, ఆపై ఫుప్ఫుసావరణానికి ప్రయాణిస్తాయి. శరీరంలోకి వచ్చిన ధూళిని మ్రింగి శుభ్రం చేసే భక్షక కణాలు ఈ పోగులను కూడా మ్రింగబోతాయి. కాని పోగు కణం కంటే పొడవు. సగం మ్రింగి సగం మ్రింగలేని ఆ కణం వాపును పుట్టించే రసాయనాలను, ఆక్సిజన్ రాడికల్స్‌ను వెలువరిస్తూ నశిస్తుంది. పోగు మాత్రం చెక్కుచెదరదు. మరొక కణం వస్తుంది, అదీ అంతే. ఈ విధంగా ఏళ్ళ తరబడి సాగే వాపులో పొర కణాల జన్యుపదార్థం దెబ్బతింటూ ఉంటుంది. బాప్1 అనే జన్యువు, పీ16 ప్రోటీన్‌కు ఆధారమైన జన్యువు వంటి కాపలా జన్యువులు ఒక్కొక్కటిగా పోయిన తరువాత కణం అదుపు తప్పుతుంది. బాప్1 లోపం పుట్టుకతోనే ఉన్న కొన్ని కుటుంబాలలో మెసోథీలియోమా ఎక్కువగా వస్తుందని 2011లో కనుగొన్నారు.

ఎన్నో మెట్లు దాటవలసిన ప్రక్రియ కనుకనే ఇన్నేళ్ళు పడుతుంది. ముప్పు ఏ విధంగా పెరుగుతుందో బ్రిటిష్ గణాంకశాస్త్రవేత్త జూలియన్ పీటో, ఆయన సహచరులు లెక్కకట్టారు. మొదటిసారి ధూళి పీల్చినప్పటి నుండి గడిచిన కాలానికి మూడవ లేక నాల్గవ ఘాతంలో ముప్పు పెరుగుతుంది. గణితం చదువుకునే విద్యార్థులకు ఇది సులభంగా బోధపడుతుంది. కాలం రెట్టింపయితే ముప్పు రెట్టింపు కాదు, ఎనిమిది నుండి పదహారు రెట్లవుతుంది. ఇరవై ఏళ్ళ వయసులో ధూళి పీల్చినవాడు అరవైలో ఎదుర్కొనే ముప్పు, నలభైలో పీల్చినవాడు అరవైలో ఎదుర్కొనే ముప్పు కంటే ఎంతో ఎక్కువ. కనుక ఈ ధూళి విషయంలో బాల్యంలోనూ, తొలి యౌవనంలోనూ పీల్చినదే అన్నిటికంటే ప్రమాదకరం.

కారణం బయటపడిన తీరు

రాతినార కర్మాగారాలలో పనిచేసేవారు ఆయాసంతో చనిపోవడం 1920లలోనే ఇంగ్లండులో గమనించారు. రాచ్‌డేల్‌లోని కర్మాగారంలో నూలు వడికిన నెల్లీ కెర్షా 1924లో 33 ఏళ్ళ వయసులో మరణించగా, విలియం కుక్ అనే వైద్యుడు ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి ఆ వివరాలను ప్రచురించాడు. అది ఆస్బెస్టోసిస్. మెసోథీలియోమా సంగతి తేలడానికి మరి మూడున్నర దశాబ్దాలు పట్టింది. అది తేలినది దక్షిణాఫ్రికాలో.

అక్కడి కింబర్లీ పట్టణంలోని క్షయ ఆసుపత్రిలో స్లెగ్స్ అనే వైద్యుడు ఒక వింతను గమనించాడు. ఛాతీలో నీరు చేరి వచ్చే రోగులలో పట్టణానికి తూర్పు ప్రాంతాల నుండి వచ్చినవారు క్షయ మందులతో కోలుకుంటున్నారు. పడమటి నుండి వచ్చినవారు కోలుకోవడం లేదు. పడమటి దిక్కున నీలి రాతినార గనులు ఉన్నాయి. 1956లో జొహాన్నెస్‌బర్గ్‌లో క్రిస్ వాగ్నర్ అనే పాథాలజిస్టు ఒక శవపరీక్షలో ఫుప్ఫుసావరణం నిండా అల్లుకున్న గడ్డను, దానితోపాటు ఊపిరితిత్తిలో రాతినార అవశేషాలను చూశాడు. మార్చాండ్ అనే శస్త్రచికిత్సకుడు స్లెగ్స్ పంపిన రోగుల నుండి ముక్కలు తీసి ఇస్తే వాగ్నర్ పరీక్షించేవాడు. ముగ్గురూ కలిసి 33 మంది రోగుల వివరాలను 1960లో ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రచురించారు. ఒక్కరు తప్ప అందరికీ నీలి రాతినారతో ఏదో ఒక సంబంధం ఉండినట్లు తేలింది.

ఆ పరిశోధనలో అసలు విశేషం వారి వృత్తుల పట్టికలో ఉన్నది. అందులో గని కార్మికులే కాక గృహిణులు, పనిమనుషులు, పశువుల కాపరులు, రైతులు, ఒక బీమా ఏజెంటు, ఒక గణకుడు కూడా ఉన్నారు. వీరిలో చాలామంది గనిలో ఒక్కరోజు కూడా పనిచేసినవారు కారు. గనుల దగ్గరి ఊళ్ళలో పుట్టి పెరిగారు, అంతే. అక్కడ రాయి నుండి నారను సుత్తెలతో వేరుచేసే పని స్త్రీలది. పిల్లలు తల్లుల వెంట ఉండేవారు, వ్యర్థపు దిబ్బల మీద ఆడుకునేవారు. రోగులను ఇప్పుడేం పని చేస్తున్నావని అడిగితే ఈ సంగతి తేలేది కాదు. చిన్నప్పుడు ఎక్కడ ఉన్నావని అడగడం వలన తేలింది.

1964లో న్యూయార్కులో ఇర్వింగ్ సెలికాఫ్, ఆయన సహచరులు ఆవిరి గొట్టాలకు రాతినార తొడుగులు వేసే కార్మికులలో మెసోథీలియోమాను, ఊపిరితిత్తుల కాన్సర్‌ను చూపించారు. మరుసటి సంవత్సరం లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ అనే ఇద్దరు ఒకే ఆసుపత్రి రికార్డుల నుండి 76 మంది రోగుల పూర్వాపరాలు సేకరించారు. తొమ్మిదిమందికి ఉన్న సంబంధమల్లా వారి ఇంట్లో ఒకరు రాతినార పని చేయడమే. భర్త దుమ్ము బట్టలను దులిపి ఉతకడం భార్యకు ప్రాణాంతకమయింది. పనిలోగాని, ఇంటిలోగాని ఏ సంబంధమూ లేని 36 మందిలో 11 మంది ఒక కర్మాగారానికి అరమైలు లోపల నివసించినవారు.

తరువాతి కాలంలో ఇటువంటి ఊళ్ళు ఒక్కొక్కటిగా బయటపడుతూ వచ్చాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని విటెనూమ్‌లో నీలి రాతినార గనులు 1943 నుండి 1966 వరకు నడిచాయి. గని మూతపడిన నాలుగు దశాబ్దాల తరువాత, 2007లో, ప్రభుత్వం ఆ ఊరి పేరును అధికారిక పటాల నుండి తొలగించింది. ఇటలీలోని కసాలే మాన్‌ఫెర్రాతోలో సిమెంటు రేకుల కర్మాగారం 1986లో మూతపడినా మరణాలు ఆగలేదు. జపాన్‌లోని అమగసాకిలో గొట్టాల కర్మాగారం చుట్టుపక్కల నివసించినవారికి వ్యాధి వచ్చిన సంగతి 2005లో వెల్లడై దేశమంతా కలవరపడింది. టర్కీలోని కపడోకియా ప్రాంతంలో కరాయిన్ మొదలైన గ్రామాలది విచిత్రమైన కథ. అక్కడ రాతినార లేదు. ఇళ్ళు కట్టుకున్న రాతిలో ఎరియొనైట్ అనే మరొక నార ఖనిజం ఉండడం వలన ఊళ్ళకు ఊళ్ళే ఈ వ్యాధి పాలయ్యాయి.

వాడకం ఆపిన తరువాత ఏమవుతుందో తెలుసుకోవడానికి బ్రిటన్ మంచి ఉదాహరణ. నీలి, గోధుమ రకాలను 1985లోనూ, తెల్ల రకాన్ని 1999లోనూ నిషేధించారు. అయినా 2012 నుండి 2020 వరకు అక్కడ ఏటా సుమారు 2,500 మంది మెసోథీలియోమాతో మరణించారు. వీరిలో ఎక్కువమంది గని కార్మికులు కారు, కర్మాగార కార్మికులు కూడా కారు. వడ్రంగులు, కుళాయి పనివారు, విద్యుత్ పనివారు. 1940లలో పుట్టి, ముప్పై ఏళ్ళ వయసుకు ముందు పదేళ్ళకు మించి వడ్రంగం చేసిన బ్రిటిష్ పురుషులలో 17 మందికి ఒకరు ఈ వ్యాధితో మరణిస్తారని 2009లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. వారు కోసినది కలప మాత్రమే కాదు, రాతినార పలకలను కూడా.

లక్షణాలు, నిర్ధారణ

మొదటి లక్షణం సాధారణంగా ఆయాసం. ఫుప్ఫుసావరణపు మడతల మధ్య నీరు చేరడం దీనికి కారణం. ఛాతీలోగాని భుజంలోగాని ఒకేచోట నిలిచిపోయే మొండి నొప్పి, పొడిదగ్గు, బరువు తగ్గడం, నీరసం తోడవుతాయి. ఉదరవేష్టనంలో వస్తే పొట్ట ఉబ్బడం, నొప్పి, ప్రేగులు అడ్డుపడడం కనిపిస్తాయి.

మన దేశంలో ఛాతీలో నీరు చేరితే వైద్యుడు మొదట క్షయను అనుమానిస్తాడు. అది సబబే, ఎందుకంటే ఇక్కడ ఆ నీటికి క్షయే అతి సాధారణ కారణాలలో ఒకటి. తీసిన నీటిలో క్షయ సూక్ష్మజీవి కనిపించడం అరుదు కనుక, నీటి లక్షణాలను బట్టి మందులు మొదలుపెట్టడం కూడా వాడుకలో ఉన్నది. చిక్కు ఎక్కడంటే, మెసోథీలియోమాలో కూడా నీరు చూడడానికి అదే విధంగా ఉండవచ్చు. నీటిలో కాన్సర్ కణాలు దొరకకపోవడం కూడా తరచు జరిగేదే. మందులు వాడినా నీరు మళ్ళీ మళ్ళీ చేరుతున్నా, నొప్పి పెరుగుతున్నా, పొర మందంగా కనిపిస్తున్నా రెండవసారి ఆలోచించవలసి ఉంటుంది. కింబర్లీలో స్లెగ్స్ చేసినది అదే.

ఎక్స్‌రేలో నీరు కనిపిస్తుంది. సీటీ స్కాన్‌లో పొర మందం, బుడిపెలు, ఒకవైపు ఛాతీ కుంచించుకుపోవడం తెలుస్తాయి. అయినా నిర్ధారణకు ముక్క పరీక్ష (బయాప్సీ) తప్పనిసరి. ప్రక్కటెముకల మధ్య నుండి చిన్న గొట్టంతో లోపలికి చూచి ముక్క తీసే థొరకోస్కోపీ మంచి పద్ధతి. ముక్క దొరికిన తరువాత కూడా ఇది మెసోథీలియోమానా, లేక ఊపిరితిత్తుల కాన్సర్ పొరకు ప్రాకినదా అని తేల్చడం అంత సులభం కాదు. ఇందుకు కణాలకు ప్రత్యేకమైన రంగులు వేసి చూస్తారు. కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1 వంటివి అంటుకొని, టీటీఎఫ్1 వంటివి అంటుకోకపోతే మెసోథీలియోమా వైపు మొగ్గుతారు.

ఈ పరీక్షలన్నిటికంటే ఖర్చు లేనిది, ఎక్కువగా విస్మరింపబడుతున్నది వృత్తి చరిత్ర. ఆసుపత్రి చీటీలో వృత్తి అన్నచోట 'రైతు', 'విశ్రాంత ఉద్యోగి', 'గృహిణి' అని ఒక్క మాట వ్రాసి వదిలేస్తారు. అరవై అయిదేళ్ళ రైతు ఇరవై ఏళ్ళప్పుడు వలస వెళ్ళి రేకుల కర్మాగారంలో బస్తాలు చింపాడో, థర్మల్ విద్యుత్కేంద్రంలో బాయిలరు తొడుగులు ఊడదీశాడో ఆ ఒక్క మాట చెప్పదు. రోగికే అది వ్యాధితో సంబంధం ఉన్న విషయమని తెలియదు కనుక తనంతట తాను చెప్పడు. మొదటి ఉద్యోగం నుండి వరుసగా అడగాలి. ఇంట్లో తండ్రి, భర్త ఏ పని చేశారో, చిన్నతనం ఏ ఊరిలో గడిచిందో కూడా అడగాలి.

చికిత్స

వ్యాధిని పూర్తిగా నయం చేసే చికిత్స ఇంకా లేదు. ఉన్న చికిత్సలు ఆయుర్దాయాన్ని కొంత పొడిగిస్తాయి, బాధను తగ్గిస్తాయి. సిస్‌ప్లాటిన్‌కు పెమెట్రెక్సెడ్ అనే మందును జోడిస్తే మధ్యగత ఆయుర్దాయం 9.3 నెలల నుండి 12.1 నెలలకు పెరిగినట్లు 2003లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. ఈ మందుతోపాటు ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిన్ ఇస్తారు. తరువాత దాదాపు పదిహేడేళ్ళపాటు ఇదే ప్రామాణిక చికిత్సగా నిలిచింది. 2020లో అమెరికా నియంత్రణ సంస్థ నివొలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు రోగనిరోధక చికిత్స మందుల జంటను ఆమోదించింది. దీనితో మధ్యగత ఆయుర్దాయం 18.1 నెలలు కాగా, రసాయన చికిత్స మాత్రమే పొందినవారిలో అది 14.1 నెలలు. సార్కమటాయిడ్ మొదలైన మొండి రకాలలో ఈ జంట ఎక్కువ ప్రయోజనకరంగా కనిపించింది. 2024లో పెంబ్రొలిజుమాబ్‌ను రసాయన చికిత్సతో కలిపి ఇవ్వడానికి కూడా అనుమతి లభించింది. ఈ మందులు చాలా ఖరీదైనవి.

శస్త్రచికిత్స మీద నమ్మకం క్రమంగా సన్నగిల్లింది. ఒకవైపు ఊపిరితిత్తిని పొరతో సహా తొలగించే పద్ధతి వలన మేలు లేదని ఒక బ్రిటిష్ అధ్యయనం 2011లో సూచించింది. ఊపిరితిత్తిని ఉంచి పొరను మాత్రం ఒలిచివేసే పద్ధతిని దానికి కొనసాగింపుగా పరీక్షించి 2024లో ప్రచురించగా, రసాయన చికిత్స మాత్రమే పొందినవారి కంటే శస్త్రచికిత్స కూడా పొందినవారి ఆయుర్దాయమే తక్కువగా తేలింది. ఉదరవేష్టనపు వ్యాధి సంగతి వేరు. అక్కడ ఎంపిక చేసిన రోగులలో గడ్డలను తొలగించి, వేడి చేసిన మందును ఉదరంలోనే ప్రవహింపజేసే పద్ధతి మంచి ఫలితాలనిస్తున్నది.

ఉపశమన చికిత్సను చిన్నచూపు చూడరాదు. నీరు తిరిగి చేరకుండా టాల్క్ పొడితో రెండు మడతలను అతికించడం, ఇంటివద్దనే నీరు తీసుకోవడానికి వీలుగా సన్నని గొట్టం అమర్చడం, నొప్పికి అవసరమైతే మార్ఫిన్ ఇవ్వడం రోగికి ప్రతిరోజూ తెలిసే మేలు చేస్తాయి.

పైన వచ్చిన 'మధ్యగతం' అన్న మాటకు వివరణ అవసరం. ప్రముఖ అమెరికన్ జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కు 1982లో ఉదరవేష్టనపు మెసోథీలియోమా ఉన్నట్లు తేలింది. గ్రంథాలయానికి వెళ్ళి చూస్తే, మధ్యగత ఆయుర్దాయం ఎనిమిది నెలలని ఉన్నది. ఎనిమిది నెలలలో తాను చనిపోతానని దాని అర్థం కాదని ఆయన గ్రహించాడు. సగంమంది అంతకు ముందు, సగంమంది ఆ తరువాత మరణిస్తారని మాత్రమే దాని అర్థం. ఆ రెండవ సగపు వక్రరేఖకు పొడవైన తోక ఉంటుంది. ఈ విషయం మీద 1985లో ఆయన వ్రాసిన వ్యాసం ప్రసిద్ధి చెందింది. గూల్డ్ ఆ తరువాత ఇరవై ఏళ్ళు జీవించి, 2002లో మరొక కాన్సర్‌తో మరణించాడు. అందరికీ ఇటువంటి అదృష్టం ఉండదు. కాని సంఖ్యను చూచి రోగికి గడువు చెప్పడం శాస్త్రీయం కాదన్నది నిజం.

భారతదేశంలో

భారతదేశంలో రాతినార గనులకు కొత్త లీజులు ఇవ్వడాన్ని ప్రభుత్వం 1986లో ఆపివేసింది. వాడకాన్ని మాత్రం ఆపలేదు. రష్యా, కజకస్తాన్, బ్రెజిల్ మొదలైన దేశాల నుండి తెల్ల రాతినారను దిగుమతి చేసుకొని, అందులో అత్యధిక భాగాన్ని సిమెంటు రేకులకు వాడుతూ వచ్చింది. త్రవ్వడం ప్రమాదమని తలచినదాన్ని కోయడం, బిగించడం, పగలగొట్టడం ప్రమాదం కాదనుకోవడంలోని తర్కం బోధపడదు. ఒకప్పుడు అతిపెద్ద ఎగుమతిదారులలో ఒకటైన కెనడాలో చివరి గనులు 2011లో ఆగిపోయాయి. 2018లో ఆ దేశం వాడకాన్ని నిషేధించింది. క్విబెక్‌లో 'ఆస్బెస్టాస్' అనే పేరే పెట్టుకున్న పట్టణం 2020లో తన పేరు మార్చుకున్నది.

మన దేశంలో మెసోథీలియోమా కేసుల నమోదు, రాతినార వాడకంతో పోల్చితే, చాలా తక్కువ. దీనిని చూపి ఇక్కడ ప్రమాదం లేదని వాదించేవారు ఉన్నారు. రేకుల వాడకం బాగా పెరిగినది గత కొన్ని దశాబ్దాలలోనే కనుక ఎడం ఇంకా పూర్తి కాలేదన్నది ఒక సంగతి. ముక్క పరీక్ష వరకు వెళ్ళలేని రోగులు, అడగని వృత్తి చరిత్ర, పనిచేసిన చోటును విడిచి సొంత ఊళ్ళకు తిరిగిపోయిన ఒప్పంద కార్మికులు మరొక సంగతి. లెక్కలో లేకపోవడం వేరు, లేకపోవడం వేరు.

ఈ విషయంలో సర్వోన్నత న్యాయస్థానం 1995 జనవరి 27న ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. అహమ్మదాబాదుకు చెందిన వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం వేసిన పిటిషన్ మీద వెలువడిన ఈ తీర్పును వ్రాసినవారు, అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానంలో పనిచేసిన జస్టిస్ కె. రామస్వామి. కార్మికుని ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని అందులో ప్రకటించారు. వ్యాధి నిర్ధారణ అయిన కార్మికునికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలన్నారు. అన్నిటికంటే దూరదృష్టి గల ఆదేశం మరొకటి. రాతినార పరిశ్రమలు ప్రతి కార్మికుని ఆరోగ్య వివరాలను పనిలో చేరిన నాటి నుండి 40 ఏళ్ళు, లేక పని మానిన తరువాత 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలి. నలభై ఏళ్ళ తరువాత వచ్చే రోగానికి నలభై ఏళ్ళ కాగితమే సాక్ష్యం. అయితే పట్టీలో పేరు ఉన్నవారికే ఈ కాగితం పుడుతుంది. గుత్తేదారు కింద రోజుకూలీకి వచ్చినవాడికి, ఊరూరా తిరిగి రేకులు బిగించే పనివాడికి అటువంటి కాగితం ఉండదు.

రాతినార వలన వచ్చే ఊపిరితిత్తుల కాన్సర్‌ను, మెసోథీలియోమాను కార్మిక నష్టపరిహార చట్టపు మూడవ షెడ్యూలులో వృత్తి వ్యాధులుగా చేర్చారు. రాతినార వాడకాన్ని పూర్తిగా నిషేధించాలని కోరిన మరొక పిటిషన్‌ను 2011లో సర్వోన్నత న్యాయస్థానం కొట్టివేసింది.

తెలుగు ప్రాంతాలలో

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, ముఖ్యంగా బ్రాహ్మణపల్లె పరిసరాలలో, పొడవైన పోగులు గల మేలురకం తెల్ల రాతినార నిక్షేపాలు ఉన్నాయి. వేంపల్లె సున్నపురాతి పొరలలోకి అగ్నిశిలలు చొచ్చుకొని వచ్చినచోట ఇది ఏర్పడింది. భూగర్భశాస్త్ర పాఠ్యగ్రంథాలలో దీని ప్రస్తావన కనిపిస్తుంది. హైదరాబాదులో హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రాడక్ట్స్ అనే సంస్థ ఏర్పడి, సనత్‌నగర్‌లో రేకుల తయారీ చేపట్టింది. వారి 'చార్మినార్' రేకులు తెలుగునాట ఇంటింటి పేరయ్యాయి.

పూరికప్పు నిప్పుకు భయపడి, పెంకుటిల్లు ఏటేటా నేయించలేక, స్లాబు వేసే స్తోమత లేక లక్షలాది కుటుంబాలు రేకుల ఇంటికి మారాయి. వారిని తప్పుపట్టవలసినది ఏమీ లేదు. వారికి అందుబాటులో ఉన్న మేలైన కప్పు అదే. చెక్కుచెదరకుండా ఉన్న రేకులో పోగులు సిమెంటులో బిగిసి ఉంటాయి కనుక దాని కింద నివసించడం వలన కలిగే ముప్పు చాలా తక్కువ. ముప్పు ఉన్నది రేకును కోసేచోట, తూట్లు వేసేచోట, పగలగొట్టేచోట. రంపంతోనో, విద్యుత్తుతో తిరిగే కటింగ్ చక్రంతోనో పొడి రేకును కోసినప్పుడు లేచే తెల్లని దుమ్ములో పోగులు విడివడి ఉంటాయి. ఆ దుమ్ము పనివాని బట్టలతో అతని ఇంటికి కూడా వెళ్తుంది.

కోతులు దూకి పగలగొట్టిన రేకులు, తుఫానుకు ఎగిరిపడిన రేకులు మన ఊళ్ళలో ఎన్నో. ఆ ముక్కలను దంచి వాకిట గుంతలు పూడ్చడం, పాడుబడిన రేకులను పిల్లలు ఆడుకునేచోట పడవేయడం వంటివి మానుకోవాలి. తప్పనిసరిగా రేకును కదిలించవలసి వస్తే ముందు నీటితో బాగా తడపాలి. వీలయినంతవరకు పగలకుండా మరలు విప్పి నిండు రేకుగానే దించాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. రాలిన పొడిని పొడిగా చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డతో సహా సంచిలో మూటగట్టాలి. పాచి పట్టిన కప్పును ఇనుప బ్రష్షుతో గీకరాదు. ముఖానికి కట్టుకునే తువ్వాలు గాని, మామూలు గుడ్డ మాస్కు గాని ఈ పోగులను ఆపలేవు. ఇందుకు పీ100 లేక ఎఫ్‌ఎఫ్‌పీ3 స్థాయి మాస్కు కావాలి. పని ముగించినవారు ఆ బట్టలను ఇంట్లోకి తీసుకుపోకుండా బయటనే తడిపి, వేరుగా ఉతకాలి.